ల్యాప్‌టాప్ కొనే ముందు ఒక పేజీ హోంవర్క్



ఈ మధ్య పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల తర్వాత ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఇది: "మేడం, పిల్లలకు ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నాం. ఏది తీసుకోమంటారు?" అడిగేటప్పుడు చాలామంది ఫోన్‌లో ఏదో ఒక ఆఫర్ తెరిచే ఉంటుంది. ఆ ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందని కూడా రాసి ఉంటుంది.

ఈ ప్రశ్నకు ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటే మీకు మేలు జరగదు. నేను మ్యాథ్స్ టీచర్‌ని. క్లాసులో వర్డ్ ప్రాబ్లం ఇచ్చినప్పుడు పిల్లలకు ఒకటే చెబుతాను. ముందు ఏం ఇచ్చారో రాయండి, తర్వాత ఏం కనుక్కోవాలో రాయండి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మనం దీన్ని తిరగేసి చేస్తున్నాం. ముందు మోడల్ నచ్చుతుంది, తర్వాత దానికి తగిన అవసరం వెతుక్కుంటాం. అలా వెతికిన అవసరం ఖరీదు ఒక్కోసారి ఒక టర్మ్ ఫీజు అంత ఉంటుంది.

అందుకే ఈ నెల పాఠం మీకోసం. ఒక తెల్ల కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

1. ముందు పని రాయండి

కాగితం పైన మీ పిల్లల తరగతి రాయండి. దాని కింద వచ్చే మూడు నాలుగేళ్లలో ల్యాప్‌టాప్‌తో వాళ్లు చేయబోయే పనులు రాయండి. మీకు తేలికగా ఉండడానికి తరగతుల వారీగా చెబుతాను.

1 నుంచి 5వ తరగతి వరకు: సొంత ల్యాప్‌టాప్ అవసరం లేదు. స్కూల్లో ల్యాబ్ పీరియడ్, ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని అప్పుడప్పుడు చూడడం చాలు.

6 నుంచి 8వ తరగతి వరకు: టైపింగ్, ప్రాజెక్టుకు పీపీటీ, స్క్రాచ్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు. స్క్రాచ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్క ల్యాప్‌టాప్ ఉంటే సరిపోతుంది.

9, 10 తరగతులు: సీబీఎస్‌ఈలో ఐటీ (402) తీసుకున్న పిల్లలకు డాక్యుమెంట్లు, స్ప్రెడ్‌షీట్లు, డేటాబేస్ ఉంటాయి. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ (417) తీసుకుంటే కొంచెం పైథాన్ కూడా వస్తుంది. పేర్లు పెద్దవే కానీ ఈ పాఠాలకు పెద్ద మెషీన్ అక్కర్లేదు.

11, 12 తరగతులు: కంప్యూటర్ సైన్స్ (083) తీసుకుంటే పైథాన్, మైఎస్‌క్యూఎల్. ఇవి మామూలు ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తాయి. ఎంపీసీ పిల్లలకు జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రెండూ కంప్యూటర్ మీద రాసే పరీక్షలు. కాబట్టి ఇంట్లో స్క్రీన్ మీద మాక్ టెస్టులు రాయడం మంచి అలవాటే. మాక్ టెస్ట్ అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక పేజీ. "జేఈఈకి ఐ7 ఉండాలట" అనే మాటలో నిజం లేదు. ఐ7 ఉన్నంత మాత్రాన ఇంటిగ్రేషన్ తొందరగా తెగదు.

ఈ పనుల్లో దేనికీ విడిగా గ్రాఫిక్స్ కార్డ్ అవసరం లేదని గమనించండి. అది కావలసింది పెద్ద గేములకు, త్రీడీ డిజైన్‌కు, బరువైన వీడియో ఎడిటింగ్‌కు. మీ కాగితం మీద ఆ పనులు లేకపోతే "గేమింగ్ ల్యాప్‌టాప్" అన్న వరుసను షాపులో చూడకుండా దాటేయవచ్చు.

2. "బీటెక్ దాకా రావాలి" అనే లెక్క

ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు చాలామంది అనే మాట ఇది: "ఎలాగూ కొంటున్నాం, కాస్త అప్పు చేసైనా మంచిదే కొనేస్తే బీటెక్ అయ్యేదాకా వస్తుంది కదా మేడం." పిల్లల మీద ప్రేమతో అనే మాటే. అయినా లెక్క వేసి చూద్దాం.

8వ తరగతి నుంచి ఇంటర్ చివరికి 5 ఏళ్లు, బీటెక్ 4 ఏళ్లు. మొత్తం 9 ఏళ్లు. ఇన్నేళ్లలో బ్యాటరీ ఒకసారైనా మార్చాల్సి రావచ్చు. అది చిన్న ఖర్చు. అసలు సమస్య సాఫ్ట్‌వేర్‌ది. విండోస్ 10 వచ్చింది 2015లో. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి మారదామంటే మైక్రోసాఫ్ట్ పెట్టిన అర్హతలు ఉన్నాయి. 2016లో చాలా ఖరీదు పెట్టి 6వ తరం ఐ7 ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు ఆ అర్హత లేదు. 2018లో 8వ తరం ఐ3తో వచ్చిన మామూలు ల్యాప్‌టాప్‌కు ఉంది. రెండేళ్లు ఆగి తక్కువ ధరకు కొన్నవాళ్లే ముందుకు వెళ్లగలిగారు.

ఇంకో విషయం. ఎనిమిదో తరగతి పాప రేపు సీఎస్‌ఈలో చేరుతుందో, సివిల్‌లో చేరుతుందో, మెడిసిన్‌కో, సీఏకో వెళ్తుందో మనకు తెలియదు. కాలేజీలో చేరాక బ్రాంచ్‌ను బట్టి కొనుక్కునే ల్యాప్‌టాప్ వేరు. ఈ రోజు 80 వేలు పెట్టే బదులు సగం డబ్బుతో ఇప్పటి పనికి సరిపోయేది కొని, మిగతా సగం పాప పేరున బ్యాంకులో వేయండి. నాలుగేళ్ల తర్వాత అప్పటి మెషీన్ అప్పటి అవసరానికి తగ్గట్టు కొనవచ్చు.

కాగితం మీద రెండో వరుస రాయండి: "ఎన్నేళ్లకు? నాలుగేళ్లకు."

3. స్పెసిఫికేషన్లలో అయిదు వరుసలు

మరీ తక్కువ ధరది కొన్నా నష్టమే. అటూ ఇటూ కాకుండా సరైన చోట ఆగాలంటే బాక్సు మీది స్టిక్కర్లన్నీ చదవనక్కర్లేదు, ఈ అయిదు వరుసలు చదవగలిగితే చాలు.

ప్రాసెసర్: "ఐ3", "రైజెన్ 5" అని విని ఊరుకోకండి. పూర్తి నంబర్ అడిగి కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు ఏఎండీలో రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అని రెండున్నాయి. పేరులో ఒక్క అంకె తేడా. మొదటిదానికి 4 కోర్లు, రెండోదానికి 6 కోర్లు. ఈ వరుసలో మూడో అంకె లోపలి డిజైన్ ఎంత కొత్తదో చెబుతుంది. అంటే 2 కన్నా 3 కొత్తది. షాపు బోర్డు మీద మాత్రం రెండూ "రైజెన్ 5"గానే కనిపిస్తాయి. ఇంటెల్‌లో ఐ3-1215యూ అంటే మొదటి రెండంకెలు 12వ తరం అని అర్థం. స్కూల్ పనికి ఈ స్థాయి ఐ3 చాలు. సెలెరాన్ ఎన్4020 లాంటివి 2 కోర్లతో వస్తాయి. ఒక వీడియో క్లాసు, ఒక పీడీఎఫ్ కలిపి తెరిస్తేనే అవి ఆయాసపడతాయి. ధర ఎంత తక్కువగా ఉన్నా వాటి జోలికి వెళ్లకండి.

ర్యామ్: విండోస్ 11 కనీసం 4 జీబీ ఉండాలంటుంది. కనీసం అంటే పాస్ మార్కులు. 35 మార్కులతో పాసైతే మనం సంతోషించం కదా. 8 జీబీ తీసుకోండి. తర్వాత పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందా, ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా అని అడగండి. పైన చెప్పిన 7520యూ రకంలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. కొన్నప్పుడు ఎంత ఉంటే చివరిదాకా అంతే. అలాంటిదైతే 16 జీబీ ఉన్నది దొరుకుతుందేమో చూడండి.

స్టోరేజ్: "ఎస్‌ఎస్‌డీ" అనే మాట ఉండాలి. 512 జీబీ ఉంటే నాలుగేళ్లు ఇబ్బంది ఉండదు, 256 జీబీతో సర్దుకోవచ్చు. బాగా చౌక మోడళ్లలో "64 జీబీ ఈఎంఎంసీ" అని ఉంటుంది. ఇది ఎస్‌ఎస్‌డీ కన్నా నెమ్మది. విండోస్ 11కి కావలసిన కనీస స్టోరేజ్ కూడా 64 జీబీయే. కాబట్టి మొదటి పెద్ద అప్‌డేట్‌కే చోటు చాలదని గొడవ మొదలవుతుంది.

స్క్రీన్: పిల్లల కళ్లు గంటల తరబడి చూసేది దీన్నే. "హెచ్‌డీ" అంటే 1366 × 768, దాదాపు 10.5 లక్షల చుక్కలు. "ఫుల్ హెచ్‌డీ" అంటే 1920 × 1080, దాదాపు 20.7 లక్షల చుక్కలు. అక్షరాలు రెండింతల వివరంతో కనిపిస్తాయి. ఫుల్ హెచ్‌డీనే తీసుకోండి. "ఐపీఎస్" రకం ప్యానెల్ అయితే పక్క నుంచి చూసినా రంగులు మారవు. "టీఎన్" రకంలో కాస్త పైకో కిందికో జరిగితే బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. సాధారణంగా అందరూ మర్చిపోయే వరుస ఇదే. నా మాట అడిగితే ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గించైనా మంచి స్క్రీన్ తీసుకోమంటాను.

బ్యాటరీ: "10 గంటల వరకు" అనే ప్రకటనను పక్కన పెట్టి వాట్-అవర్లు ఎన్నో చూడండి. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ సగటున 10 వాట్లు వాడుతుందనుకుంటే 42 ÷ 10 = 4.2 గంటలు. ఏడో తరగతి భాగహారమే ఇది, పిల్లల చేతే చేయించండి.

4. ధరలో కనిపించని ఖర్చులు

ఒకే ల్యాప్‌టాప్ రెండు చోట్ల రెండు ధరలకు కనిపిస్తే వెంటనే తక్కువ ధర వైపు పరుగెత్తకండి. తక్కువ ధరదానిలో విండోస్ ఉందా లేక "డాస్" అని రాసి ఉందా చూడండి. డాస్ అంటే విండోస్ లేకుండా వచ్చిందని అర్థం. విడిగా విండోస్ కొంటే ఆదా అయిన డబ్బు అక్కడే పోతుంది.

తర్వాత ఆఫీస్. "ఎంఎస్ ఆఫీస్ ఫ్రీ" అన్నప్పుడు శాశ్వతంగానా, ఏడాదికా అని అడగండి. ఏడాది మాత్రమే అయితే రెండో ఏడు నుంచి డబ్బు కట్టాలి. అదీ వద్దనుకుంటే లిబ్రే ఆఫీస్ ఉచితం. స్కూల్ ప్రాజెక్టులకు, స్ప్రెడ్‌షీట్లకు అది చక్కగా సరిపోతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే తక్కువరకం అనుకోకండి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ పాఠాలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి.

యాంటీవైరస్ కూడా ఒక ప్యాకెట్ చేతిలో పెడతారు. విండోస్‌తో పాటు డిఫెండర్ అనే రక్షణ ఉచితంగానే వస్తుంది. అప్‌డేట్లు ఆపకుండా ఉంటే ఇంటి వాడకానికి అది చాలు. తెలుగు టైపింగ్‌కు కూడా ఏదీ కొననక్కర్లేదు. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర చేర్చుకోవచ్చు. తెలుగు ప్రాజెక్టులు పిల్లలు స్వయంగా టైప్ చేస్తే వాళ్ల తెలుగు టీచర్ కూడా సంతోషిస్తారు.

5. నో కాస్ట్ ఈఎంఐ: బోర్డు మీద లెక్క

45,000 రూపాయల ల్యాప్‌టాప్, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, క్రెడిట్ కార్డు మీద. నెలకు 3,750. పన్నెండు నెలలకు సరిగ్గా 45,000. వడ్డీ లేనట్టే కనిపిస్తుంది. కానీ బ్యాంకు వడ్డీ వదులుకోలేదు. ఆ వడ్డీ మొత్తాన్ని అమ్మేవాళ్లు డిస్కౌంట్ రూపంలో ముందే తగ్గించారు, అంతే.

బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. అప్పుడు అసలు దాదాపు 41,550, వడ్డీ దాదాపు 3,450. ఈ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ దాదాపు 620. ఇది మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్‌టీతో 235. మొత్తం మీద 850 రూపాయలు పైన పడతాయి. పెద్ద మొత్తం కాదు, కానీ "నో కాస్ట్" కూడా కాదు.

ఈ లెక్కలో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఈఎంఐ వాళ్లకు 3,450 తగ్గించగలిగిన షాపు, మొత్తం ఒకేసారి కట్టే మీకు ఎందుకు తగ్గించకూడదు? ఈ ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి.

ఈఎంఐ తీసుకోవడం తప్పు కాదు. నెల కాగానే ఇంటి ఖర్చులు, ఫీజు, ఈఎంఐ మూడూ పోయాక చేతిలో ఎంత మిగులుతుందో కాగితం మీద రాసుకున్నాకే తీసుకోండి. ఒక్క నెల తప్పితే పడే వడ్డీ, పెనాల్టీ ముందు ఏ ఆఫర్ నిలవదు.

6. షాపులో పది నిమిషాలు

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, మీ ఊరి షోరూంలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఈ పనులు చేయండి.

వీలైతే పిల్లలను వెంట తీసుకెళ్లండి. డిస్‌ప్లేలో ఉన్న అదే మోడల్ మీద ఒక పేరా టైప్ చేయించండి. కీలు చేతికి హాయిగా ఉన్నాయో లేదో వాళ్లే చెబుతారు. ఒక పీడీఎఫ్ తెరిచి ముందు నుంచి, పక్క నుంచి, నిలబడి చూడండి. రోజూ బ్యాగులో మోసుకెళ్లేదైతే బరువు చూడండి, ఇంట్లోనే ఉండేదైతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

సీల్ మీ ముందే తెరిపించండి. బాక్సు మీద ఎంఆర్‌పీ, తయారైన లేదా దిగుమతైన నెల, ఏ దేశంలో తయారైందో ఉండాలి. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, "జీఎస్‌టీ ఎక్స్‌ట్రా" అంటూ ఎంఆర్‌పీ మీద మరో రూపాయి అడగకూడదు. బాక్సు మీద, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లులో ఉన్న సీరియల్ నంబర్ ఒకటేనా చూసుకోండి. ఆన్ చేశాక సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఎబౌట్ తెరిస్తే ప్రాసెసర్, ర్యామ్ కనిపిస్తాయి. మీ కాగితం మీద రాసుకున్న నంబర్‌తో పోల్చండి.

వారంటీ ఎన్నేళ్లో అడిగాక, ఇంటికి వచ్చి చేస్తారా, మనమే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలా అని కూడా అడగండి. సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో లేకపోతే ఈ ప్రశ్న చాలా ముఖ్యం. మామూలు వారంటీలో నీళ్లు ఒలకడం, కిందపడి స్క్రీన్ పగలడం లాంటివి రావు. చిన్నపిల్లలున్న ఇంట్లో అదనపు వారంటీ కన్నా ప్రమాద నష్టానికి ఇచ్చే ప్లాన్ ఎక్కువ ఉపయోగం. జీఎస్‌టీ బిల్లు తప్పకుండా తీసుకుని ఫొటో తీసి దాచండి. షాపు వాళ్లు మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అక్కడ మొదట అడిగేది ఆ బిల్లే.

7. ఇంటికి తెచ్చాక

మొదటి రోజే రెండు అకౌంట్లు పెట్టండి. ఒకటి మీది, అడ్మిన్‌గా. రెండోది పిల్లలది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉచితం. రోజుకు ఎంతసేపు, ఏ సైట్లు వద్దు అన్నవి అందులో పెట్టుకోవచ్చు. దానికన్నా బలమైన ఏర్పాటు ఇంకొకటుంది. ల్యాప్‌టాప్‌ను పడకగదిలో కాకుండా హాల్లో బల్ల మీద పెట్టండి. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్ల పాటు 20 అడుగుల దూరంలోకి చూడమని పిల్లలకు చెప్పండి. అది కళ్లకు విశ్రాంతి.

8. ఇప్పుడు కొనలేకపోతే

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. మన స్కూల్లో ఏ తరగతికీ సొంత ల్యాప్‌టాప్ తప్పనిసరి కాదు. సిలబస్‌లోని ప్రాక్టికల్స్ అన్నీ ల్యాబ్‌లో చేయిస్తాం. "మా క్లాసులో అందరికీ ఉంది" అని పిల్లలు ఇంట్లో అన్నప్పుడు ఆ "అందరూ" ఎంతమందో నెమ్మదిగా లెక్కపెట్టించండి. సాధారణంగా నలుగురైదుగురు తేలతారు.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే దాన్ని తక్కువగా చూడకండి. అందులో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే ఆశ్చర్యపోయేంత వేగం వస్తుంది. విండోస్ 11కి అర్హత లేకపోతే ఉబుంటు లాంటి లినక్స్ వేయించండి. పైథాన్ నేర్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

డబ్బు సర్దుబాటు కాకపోతే ఆ సంగతి పిల్లలతో దాచకుండా చెప్పండి. "వచ్చే ఏడు కొందాం, అప్పటిదాకా నెలకు ఇంత పక్కన పెడదాం" అని వాళ్ల ముందే లెక్క వేయండి. ఈఎంఐ మీద వచ్చిన ల్యాప్‌టాప్ కన్నా ఆ లెక్క వాళ్లకు ఎక్కువకాలం గుర్తుంటుంది.

మీ హోంవర్క్ పేజీ

కింది ప్రశ్నలకు జవాబులు రాసి, మీ పిల్లల చేత దిద్దించండి.

1. వచ్చే నాలుగేళ్లలో ల్యాప్‌టాప్‌తో చేయబోయే అయిదు పనులు ఏవి?
2. అప్పు లేకుండా మనం పెట్టగలిగింది ఎంత?
3. ప్రాసెసర్ పూర్తి నంబర్, ర్యామ్, స్టోరేజ్, స్క్రీన్ రకం, బ్యాటరీ వాట్-అవర్లు ఎంత?
4. ర్యామ్ పెంచుకోవచ్చా?
5. విండోస్, ఆఫీస్ ధరలో ఉన్నాయా? ఆఫీస్ ఎన్నాళ్లకు?
6. వారంటీ ఇంటి దగ్గరా, సర్వీస్ సెంటర్‌లోనా?
7. ఈఎంఐ అయితే అన్నీ కలిపి మొత్తం ఎంత కడతాం?

ఏడింటికీ జవాబు దొరికిందంటే మీరు ఏ షాపుకైనా ధైర్యంగా వెళ్లవచ్చు. ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా ఇంకో రెండు రోజులు ఆగండి. ఈ రాత్రితో అయిపోయే ఆఫర్ వచ్చే పండక్కి మళ్లీ వస్తుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ పేజీ తీసుకురండి. మార్కుల సంగతి మాట్లాడుకున్నాక ఇద్దరం కలిసి చూద్దాం.